గురక కాని గురక

పోయినవారం చిన్నకోడలు పిండి గది తలుపుకి గడియ పెట్టి, బావగారి ఎదుట నిలబడి, మూడేళ్ళుగా గొంతుకి అడ్డం పడి ఉన్న ప్రశ్నని బయటికి లాగింది. ఆయన నోరు తెరిచారు. సరిగ్గా అక్కడే మనకి పేజీ అయిపోయింది. ఇదేం న్యాయం అని ఉత్తరాలు రాసినవాళ్ళందరికీ ఒకటే మనవి, ఈ వారం చదివాక మీ కోపం చల్లారుతుందని నా ధీమా. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు వెళతాను. పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

అది ఇద్దరు అన్నదమ్ముల బేకరీ. పెత్తనం అన్నగారిది, అంటే బేకరీవాళ్ళు పెద్దాయన అనే బావగారిది; పనితనం తమ్ముడిది, అంటే చిన్నకోడలి భర్తది. మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం తమ్ముడు పిండి బస్తాల మీద వాలాడు, మళ్ళీ లేవలేదు. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. అక్కడితో ఊరుకోకుండా, పడిన వెంటనే ఎవరైనా ఛాతీ నొక్కి ఉంటే బతికేవాడేమో అని కూడా అన్నాడు. ఆ రెండో మాట చిన్నకోడలి చెవిలో ఇప్పటికీ అలాగే ఉంది. ఎవరూ ఎందుకు నొక్కలేదంటే, మనిషి పోతున్నాడని ఎవరికీ తెలియలేదు. గురక పెట్టి నిద్రపోతున్నాడనుకున్నారు. పైగా ఎవరో, "అలిసిపోయాడు, లేపకండి" అన్నారట. బట్టీ దగ్గర పనిచేసే తాత ఆ మాట విన్నాడు కానీ, పిండి కలిపే మిషన్ హోరులో అది ఎవరి గొంతో పోల్చుకోలేకపోయాడు. ఆ రోజు చిన్నకోడలు పుట్టింట్లో ఉంది. తిరిగి వచ్చాక భర్త నిలబడిన బల్ల దగ్గరే తనూ నిలబడి పిండి పిసకడం మొదలుపెట్టింది. ఆ మాట అన్నది బావగారేనని మనసులో ఖాయం చేసుకుంది. ఆయనతో పనిమాట తప్ప మరో మాట లేదు.

ఇక కథలోకి వద్దాం.

"అది తెలుసుకుని ఏం చేస్తావమ్మా?" అన్నారు బావగారు.

"నిద్రపోతాను" అంది చిన్నకోడలు. "మూడేళ్ళయింది బావగారూ, నేను సరిగ్గా నిద్రపోయి. చెప్పండి. లేపొద్దన్నది ఎవరు?"

ఆయన బస్తాల వైపు ఒకసారి చూశారు. తమ్ముడు వాలినచోటు అదే. నుదుటి మీద పట్టిన చెమటని భుజం మీది తువ్వాలుతో తుడుచుకున్నారు.

"అన్నది..." అన్నారు.

అంతే. మాట అక్కడే తెగిపోయింది. కళ్ళు పైకి తేలిపోయాయి. నిలువెత్తు మనిషి, బేకరీలో ఎవరి మీదైనా ఒంటికాలి మీద లేచే మనిషి, మోకాళ్ళ దగ్గర మడతపడి బస్తాల మీదికి వెల్లకిలా పడిపోయారు. గది నిండా పిండి లేచింది.

నిజం చెప్పాలంటే చిన్నకోడలికి మొదట వచ్చింది భయం కాదు, ఒళ్ళుమంట. జవాబు ఎగ్గొట్టడానికి నాటకం ఆడుతున్నారనుకుంది. ఆమెని తప్పుపట్టకండి, మూడేళ్ళుగా ఆయన ఆ ప్రశ్నని తప్పించుకుంటూ వచ్చిన తీరు అలాంటిది. చప్పుడు విని బయట నుంచి ఎవరో తలుపు బాదారు. ఆమె గడియ తీసింది. బట్టీ తాతా, బన్నులు ప్యాక్ చేసే పిన్నీ, గల్లా దగ్గర నుంచి పెద్దకోడలూ ఒకరి వెనక ఒకరు లోపలికి వచ్చారు.

అప్పుడు మొదలైంది గురక.

బేకరీలో పెద్దాయన గురకకి ఒక హోదా ఉంది. రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక ఆయన ఈ బస్తాల మీదే ఒక కునుకు తీస్తారు. ఆ గురక మొదలైందంటే ట్రేలు కూడా చప్పుడు కాకుండా దించాలి. ఒకసారి ప్యాకింగ్ పిన్ని తుమ్మితే ఆయన లేచి కూర్చుని ఆమె ఏడు తరాలనీ తలుచుకున్నారు. అందుకే తాత అలవాటు కొద్దీ మునివేళ్ళ మీద నడిచి వెళ్ళి మిషన్ ఆపేశాడు. పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పెద్దకోడలు భర్త వైపు చూసి గొంతు తగ్గించి అంది. "అలిసిపోయారు, లేపకండి."

ఆ మాట చిన్నకోడలి చెవిలో పడింది. పడి, గుండెలో ఎక్కడో తగిలింది. కానీ దాన్ని పట్టుకుని కూర్చునే తీరిక ఆ క్షణంలో ఆమెకి లేదు, మనకీ లేదు. ఎందుకంటే ఆమె ఆ గురకని వింటోంది.

గోడ అవతల నుంచి ఇరవై ఏళ్ళుగా వింటున్న గురక అది కాదు. బావగారి గురక లోపలికి వెళ్ళేటప్పుడు ఈల వేస్తుంది, బయటికి వచ్చేటప్పుడు లారీలా గర్జిస్తుంది, తెల్లవార్లూ లెక్క తప్పదు. ఇప్పుడు వస్తున్నది ఒక బొంగురు చప్పుడు. ఒకసారి వచ్చి ఆగిపోయింది. ఆమె మనసులో ఆరు దాకా లెక్కపెట్టాక మళ్ళీ ఒకటి వచ్చింది. నోరు తెరుచుకుని ఉంది. పెదాలు రంగు మారుతున్నాయి.

రెండు నెలల కిందట వీధి వర్తకసంఘం వాళ్ళు ఒక నర్సుని పిలిపించి, గుండె ఆగితే ఏం చెయ్యాలో అందరికీ నేర్పించారు. బావగారు రాలేదు. చిన్నకోడలు మాత్రం మొదటి వరసలో కూర్చుంది. ఆ నర్సు చెప్పిన ఒక మాట ఆమెని ఆ రోజు రాత్రంతా ఏడిపించింది. "స్పృహ లేని మనిషి ఉండుండి గురకపెట్టినట్టు చప్పుడు చేస్తే అది గురక కాదు, ఊపిరీ కాదు. ఒడ్డున పడ్డ చేప నోరు తెరవడం చూశారుగా, అలాంటిది. గుండె ఆగిపోయిందని అర్థం. నిద్ర అనుకున్నారో, మనిషి చేజారిపోతాడు."

"బావగారూ!" చిన్నకోడలు ఆయన రెండు భుజాలూ పట్టి కుదిపింది. తమ్ముడి భార్య బావగారి మీద చెయ్యి వేయడమేమిటని పిన్ని ముక్కున వేలేసుకుంది. "బావగారూ, వినపడుతోందా? కళ్ళు తెరవండి!"

"చెల్లీ, ఏంటా అరుపులు? పడుకోనివ్వు ఆయన్ని" అంది పెద్దకోడలు.

"అక్కా, ఇది నిద్ర కాదు. గుండె ఆగిపోయింది." చిన్నకోడలు అందరి వైపూ తిరిగింది. "ఎవరైనా ఫోన్ చెయ్యండి! అంబులెన్సుకి!"

ఎవరూ కదల్లేదు. తాత పిన్నిని చూశాడు, పిన్ని పెద్దకోడల్ని చూసింది, పెద్దకోడలు భర్తని చూస్తోంది. ముగ్గురి దగ్గరా ఫోన్లున్నాయి. ముగ్గురూ ఇంకొకళ్ళు చేస్తారనుకున్నారు. ఇది కూడా నర్సు ముందే చెప్పింది. "ఎవరైనా అంటే ఎవరూ కారు. వేలుపెట్టి చూపించి ఒకరికి చెప్పండి."

చిన్నకోడలు వేలెత్తింది. "పిన్నీ! నువ్వు. ఇప్పుడే అంబులెన్సుకి ఫోన్ చెయ్యి. మనిషికి గుండె ఆగింది, ఊపిరి లేదు అని చెప్పు. ఫోన్ స్పీకర్లో పెట్టి ఇక్కడ నేలమీద ఉంచు. తాతా! నువ్వు సెలూన్ బాబాయ్ దగ్గరికి పరుగెత్తు. గోడకున్న గుండె పెట్టె పట్టుకురమ్మను."

"సెలూన్ ఆయన్నా? ఇక్కడికా?" తాత గుమ్మం దగ్గరే ఆగాడు.

"తాతా, వెళ్ళు!"

తాత భయానికి కారణముంది. తొమ్మిదేళ్ళ కిందట ఒక బన్నులో వెంట్రుక వచ్చింది. అది పక్కనున్న సెలూన్ నుంచి ఎగిరి వచ్చిందని పెద్దాయన వీధి మధ్యలో నిలబడి ప్రకటించారు. ఆ వెంట్రుక తెల్లగా ఉంది కాబట్టి అది మీ నెత్తిదేనని సెలూన్ ఆయన అందరిలోనూ తిప్పికొట్టాడు. ఆ రోజు నుంచి మాటల్లేవు. పెద్దాయన క్షవరానికి రెండు వీధులు దాటి వెళతారు. సంఘం వాళ్ళు వీధికంతటికీ కలిపి గుండెకి షాక్ ఇచ్చే పెట్టె ఒకటి కొని, వీధికి నడిమధ్య ఉందని బేకరీలో పెడతామంటే, "నా గోడకి మేకు కొట్టనివ్వను, ఇక్కడ ఎవరు చస్తారని?" అని తరిమేశారు. సెలూన్ ఆయన దాన్ని తీసుకువెళ్ళి అద్దం పక్కన తగిలించుకున్నాడు. రోజూ అద్దం తుడిచిన గుడ్డతోనే దాన్నీ తుడుస్తాడు.

"అక్కా, ఆయన కాళ్ళు పట్టుకోండి. బస్తాల మీద మెత్తగా ఉంటుంది, ఎంత నొక్కినా లాభం లేదు. గట్టి నేలమీదికి దించాలి."

పెద్దకోడలు కొయ్యబారి ఉంది. చిన్నకోడలు ఆయన చంకల కింద చేతులు పెట్టి లాగింది. పాతిక కిలోల బస్తాలు రోజూ ఎత్తి దించే చేతులవి. ఒక్క ఊపుతో ఆయన నేలమీదికి వచ్చారు. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, గడ్డం పైకెత్తి, ఛాతీ మీద చూపు నిలిపింది. పైకి లేవడం లేదు. పది లెక్కపెట్టేలోపే తేల్చుకోవాలి. తేల్చుకుంది.

చొక్కా బొత్తాలు పటపటమని తెంపింది. ఛాతీ మధ్యలో, రొమ్ము ఎముక కింది సగం మీద, ఒక అరచేతి మడమ ఆనించింది. రెండో చెయ్యి దానిమీద వేసింది. మోచేతులు బిగించి, భుజాలు సరిగ్గా చేతుల పైకి తెచ్చి, ఒంటి బరువంతా దించింది.

శిక్షణ రోజున అందరూ నవ్వింది ఇక్కడే. నర్సు తెచ్చిన రబ్బరు బొమ్మ మీద చిన్నకోడలు చేతులు పెట్టగానే, అవి తమ పాటికి తాము పిండి పిసకడం మొదలుపెట్టాయి. నొక్కి, ముందుకి తోసి, మడిచి తిప్పబోయాయి. బొమ్మ పక్కకి దొర్లిపోయింది. "అమ్మా తల్లీ, అది పిండి కాదు, మనిషి!" అంది నర్సు. తర్వాత దగ్గరికి వచ్చి, "బలం నీకుంది, ఎవరూ నేర్పక్కర్లేదు. కిందికి నొక్కు, ముందుకి తోయకు. నొక్కాక పూర్తిగా వదులు. వదిలినప్పుడే గుండెలోకి రక్తం నిండుతుంది" అని చెవిలో చెప్పింది.

కిందికి. వదులు. కిందికి. వదులు. రెండు అంగుళాల లోతు, సెకనుకి దాదాపు రెండు. పిన్ని ఫోన్లో ఒక మగగొంతు నిదానంగా మాట్లాడుతోంది.

"చిరునామా చెప్పండి."

"బేకరీ అండీ... అదే... సెలూన్ పక్కన బేకరీ!" అంది పిన్ని. అని నాలుక కరుచుకుంది. మా బేకరీ పక్కనే సెలూన్ ఉంది అనాలి తప్ప సెలూన్ పక్కన బేకరీ అని ఎవరైనా అంటే పెద్దాయన ఊరుకోరు. అయితే ఆ సమయంలో ఆయన కోప్పడితే పిన్ని అంత సంతోషించే మనిషి మరొకరు ఉండరు.

"బండి బయల్దేరింది. నొక్కుతున్నారా?"

"నొక్కుతోందండీ, మా చిన్నమ్మ."

"ఆపొద్దని చెప్పండి. నోటితో ఊదడం అలవాటు లేకపోతే వదిలేయండి, నొక్కడం మాత్రం ఆపొద్దు. ఎవరైనా పైకి లెక్కపెట్టండి."

అప్పుడే రొప్పుకుంటూ తిరిగివచ్చిన తాత, "వస్తున్నాడు, వస్తున్నాడు" అంటూ ఆ పని అందుకున్నాడు. రోజూ ట్రేల మీద బన్నులు లెక్కపెట్టేది ఆయనే. "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది..."

చిన్నకోడలి చేతులు తడబడ్డాయి. తాత జన్మలో 'ఏడు' అనడు. శుభమా అని లెక్కపెడుతూ ఏడవమని ఎవరన్నా అంటారా అన్నది ఆయన వాదన. బన్నులకి ఆ లెక్క సరిపోతుంది. గుండె మాత్రం ఆ 'ఆరున్నొకటి' దగ్గర ఆగి కూర్చోదు.

"తాతా, ఏడు అను!"

"అమ్మా, ఈ వేళప్పుడు ఆ మాట..."

"ఏడు అంటావా, అందరం కూర్చుని ఏడుద్దామా?"

తాత కళ్ళు మూసుకుని, డెబ్భై ఏళ్ళ జీవితంలో మొదటిసారి గొంతు చించుకుని అరిచాడు. "ఏడు! ఎనిమిది! తొమ్మిది! పది!"

ఇరవై దగ్గర అరచేతి కింద టక్కుమని ఏదో విరిగింది. చిన్నకోడలు ఫోన్ వైపు తల తిప్పింది. "ఎముక... ఎముక విరిగింది" అంది.

"విరగనివ్వండి" అంది ఫోన్లో గొంతు. "ఎముక అతుక్కుంటుంది. మీరు ఆపొద్దు."

ఆమె ఆపలేదు. చెమట ముక్కు మీదుగా కారి బావగారి చొక్కా మీద పడుతోంది. ఆయన మొహాన్ని ఇంత దగ్గరగా ఆమె ఎప్పుడూ చూడలేదు. తన భర్తదీ ఇదే ముక్కు. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఇప్పుడే గమనించింది. మీరు నాకు జవాబు బాకీ, వెళ్ళనివ్వను, అనుకుంది. ఇంకాసేపటికి ఆ జవాబు కూడా మనసులో నుంచి జారిపోయి, వెళ్ళనివ్వను అన్న ముక్క ఒక్కటే మిగిలింది.

రెండు నిమిషాలకి భుజాలు లాగేశాయి. చేతులు తేలికగా దిగుతున్నాయని ఆమెకే తెలిసింది. అలిసిన చెయ్యి గుండెని మోసం చేస్తుంది, మనిషిని మార్చుకోండి అని నర్సు చెప్పింది.

"అక్కా! మీరు రండి."

"నా వల్ల కాదు చెల్లీ."

"అవుతుంది. ఇటు కూర్చోండి. నా చేతులు చూడండి. నేను తియ్యగానే మీవి పెట్టండి."

పెద్దకోడలు కూర్చుంది. ఎలా కూర్చుందో తర్వాత ఎంత అడిగినా చెప్పలేకపోయింది. చేతులు మారాయి, మధ్యలో ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. తాత లెక్క ఆమెకి వినపడలేదు. ఆమె లెక్క ఆమెదే. ఒక్కో నొక్కుకీ ఒక్కో మాట. "లేవండి. లేవండి. లేవండి. లేవండి."

అప్పుడు గుమ్మంలో సెలూన్ ఆయన కనిపించాడు. ఒక చంకలో పెట్టె, ఇంకో చేతిలో జుట్టు కత్తిరించే మిషన్ ఇంకా బుర్రుమంటూనే ఉంది. అతని వెనకాల మెడకి గుడ్డ కట్టుకుని సగం కత్తిరించిన తలతో ఒక ఖాతాదారు కూడా పరుగెత్తుకొచ్చాడు. గడప దగ్గరికి రాగానే సెలూన్ ఆయన కాలు ఆగిపోయింది. నా గడప తొక్కితే కాళ్ళు విరగ్గొడతానని పెద్దాయన అన్న మాట తొమ్మిదేళ్ళయినా మర్చిపోయేది కాదు.

"బాబాయ్, లోపలికి రండి! మీ కాళ్ళు ఎవరూ విరగ్గొట్టరు, ఆయన లేస్తే కదా!" అంది చిన్నకోడలు.

అతను ఒక్క అంగలో లోపలికి వచ్చాడు. పెట్టె మూత తీయగానే అది ఆడగొంతుతో మాట్లాడటం మొదలుపెట్టింది. "రోగి ఛాతీ మీది దుస్తులు తొలగించండి. బొమ్మలో చూపినట్టు ప్యాడ్లు అతికించండి."

ఛాతీ అంతా వెంట్రుకలు. వాటి మీద చెమట, చెమట మీద పిండి. చిన్నకోడలు తువ్వాలుతో తుడిచి ప్యాడ్ పెట్టబోయింది, అది పట్టలేదు, తొక్కలా లేచి వచ్చేసింది.

సెలూన్ ఆయన ఒక్క క్షణం చూశాడు. తర్వాత అతని మొహంలో ఒక వెలుగు వచ్చింది. "జరుగమ్మా. ఇది నా పని."

పెద్దకోడలు నొక్కుతూనే ఉంది. అతను ఆమె చేతులకి అడ్డం రాకుండా కుడివైపు మెడ ఎముక కింద ఒక పట్టీ, ఎడమవైపు చంక కింద ఒక పట్టీ, నాలుగు గీతల్లో నున్నగా తీసేశాడు. "తొమ్మిదేళ్ళకి చిక్కావు నాకు" అన్నాడు. "బతికావంటే ఊరికే చేస్తా క్షవరం, చచ్చావంటే మాత్రం ఊరుకోను." రెండు ప్యాడ్లూ అరచేత్తో అదిమి అతికించాడు.

"రోగిని ఎవరూ తాకవద్దు. గుండె లయను పరిశీలిస్తున్నాము" అంది పెట్టె.

పెద్దకోడలు చేతులు తీసేసింది.

"షాక్ ఇవ్వవలసి ఉంది. దూరంగా జరగండి. మెరుస్తున్న బటన్ నొక్కండి."

చిన్నకోడలి వేలు బటన్ మీదికి వెళ్ళింది. చివరి క్షణంలో నర్సు నేర్పినట్టు తలనుంచి కాలి దాకా చూపు తిప్పింది. సెలూన్ ఆయన ఎడమచెయ్యి పెద్దాయన నెత్తి మీద ఉంది. ముప్పై ఏళ్ళుగా మిషన్ పట్టుకున్న ప్రతిసారీ రెండో చేత్తో తల కదలకుండా పట్టుకునే చెయ్యి అది. అక్కడ ఉన్న సంగతి అతనికే తెలియదు.

"బాబాయ్, చెయ్యి!"

అతను నిప్పు తగిలినట్టు వెనక్కి పడ్డాడు. "అందరూ దూరం!" అని అరిచి ఆమె బటన్ నొక్కింది. పెద్దాయన ఒళ్ళు ఒక్కసారి ఎగిరి పడింది.

"వెంటనే ఛాతీ నొక్కడం కొనసాగించండి" అంది పెట్టె.

లేచారా లేదా అని చూస్తూ కూర్చునే వీల్లేదు. చిన్నకోడలు మళ్ళీ మోకాళ్ళ మీదికి వచ్చింది. "ఒకటి, రెండు..." తాత లెక్క సాగింది. ఏడు వచ్చింది, పదిహేడు వచ్చింది, ఇరవై ఏడు వచ్చింది, ఒక్కటీ మింగలేదు. మళ్ళీ ఒకటి నుంచి. మళ్ళీ. మూడోసారి ఇరవై రెండు దగ్గర ఆమె అరచేతుల కింద ఏదో తన్నింది. ఆయన దగ్గారు. చెయ్యి ఒకటి గాలిలో లేచి, ఛాతీ మీదున్న ఆమె చేతుల్ని చిరాగ్గా తోసేసింది.

ఛాతీ తనంతట తను లేచింది. దిగింది. మళ్ళీ లేచింది.

పెద్దాయన కళ్ళు తెరిచారు. మొదట కప్పుని చూశారు. తర్వాత మిషన్ పట్టుకుని తన మీదికి వంగి ఉన్న మొహాన్ని చూశారు. కనుబొమలు దగ్గరికి వచ్చాయి. ప్రాణం పోయి తిరిగివచ్చిన మనిషి పలికిన మొదటి మాట ఇది.

"వీణ్ణి... లోపలికి... ఎవరు రానిచ్చారు?"

ఆ తిట్టు విని సెలూన్ ఆయన నేలమీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పిన్ని ఫోన్ ఎత్తి, "తిట్టాడండీ! మా పెద్దయ్య తిట్టాడు!" అని అవతలివాడి చెవులు చిల్లులు పడేలా అరిచింది. తాత గోడకి ఆనుకుని, ఏడు, ఏడు, ఏడు అని తనలో తనే నవ్వుకుంటున్నాడు. సగం తల ఖాతాదారు చప్పట్లు కొట్టాడు. వీధిలో గుమిగూడిన జనం ఏమైందో తెలియకుండానే వాటిని అందుకున్నారు. బేకరీ గోడలు పుట్టిన దగ్గర నుంచి అంత సంబరం చూసి ఉండవు.

చిన్నకోడలు మాత్రం పని వదల్లేదు. ప్యాడ్లు ఉండనిచ్చి, ఆయన్ని మెల్లగా పక్కకి తిప్పి, ఊపిరి లెక్క చూస్తూ కూర్చుంది. ఈసారి లేపాను, అనుకుంది. ఎవరికి చెప్పుకుంటోందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

పదకొండో నిమిషంలో అంబులెన్సు వచ్చింది. దిగింది ఎవరనుకున్నారు, శిక్షణ ఇచ్చిన నర్సే. ఆయన నాడి పట్టి చూసి, పెట్టెలో నమోదైనదంతా చదివి, చిన్నకోడలి వైపు తలెత్తింది.

"గురక అని పొరబడకుండా పట్టుకుంది ఎవరు?"

అందరి వేళ్ళూ ఒకవైపే చూపించాయి.

"నీకు అది పిండి కాదని చెప్పానా? చెప్పింది వెనక్కి తీసుకుంటున్నాను. నీ చేతులకి దణ్ణం తల్లీ" అంది నర్సు.

మోసుకెళ్ళే మంచం మీదికి ఎక్కించేటప్పుడు పెద్దాయన చిన్నకోడలి మణికట్టు పట్టుకున్నారు. ఆ పట్టులో బలం లేదు, అయినా ఆమె విడిపించుకోలేదు.

"నువ్వడిగింది..." అన్నారు.

"ఇప్పుడొద్దు బావగారూ. ముందు మీరు కోలుకోండి."

"మీ అక్కని... ఏమీ అనకమ్మా."

ఇందాక తీరిక లేక పక్కన పెట్టిన మాట చిన్నకోడలికి ఇప్పుడు తిరిగి వచ్చింది. అలిసిపోయారు, లేపకండి. అవే మాటలు, అదే వరస. మూడేళ్ళు ఈ మనిషి ఆమె మౌనాన్నీ, ఆమె కోపాన్నీ భరించి, నిందంతా తన నెత్తినే ఉంచుకుని, ఒక్కసారి కూడా నేను కాదు అనలేదు. ఆమెకి ఆయన కాళ్ళ మీద పడి ఏడవాలనిపించింది. ఆయన్ని మోసుకెళ్ళిపోతున్నారు.

"బండిలో ఒక్కరికే చోటు. ఎవరొస్తారు?" అంది నర్సు.

పెద్దకోడలు తలదించుకుని వెనక్కి జరిగింది. ఆమె రెండు అరచేతులూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఇందాక భర్త గుండెని ఆడించిన చేతులవి. చిన్నకోడలు వాటిని చాలాసేపు చూసింది.

"అక్క వస్తారు" అంది.

పెద్దకోడలు బండి మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. వెనక్కి తిరిగింది.

"ఆ రోజు ఆ మాట నేనే అన్నాను చెల్లీ. కానీ అది నా మాట కాదు, మీ ఆయన మాట. వదినా, అలిసిపోయాను, ఎవర్నీ లేపనివ్వకు అని నాకు చెప్పి మరీ పడుకున్నాడు. నేను మాట నిలబెట్టుకున్నాననుకున్నాను. దాని తర్వాత ఇంకో మాట కూడా చెప్పాడు. అది నీకు మాత్రం చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు."

"ఏంటక్కా? ఏం చెప్పారు?"

నర్సు లోపల నుంచి పెద్దకోడల్ని చెయ్యి పట్టుకుని లాగింది. తలుపు మూసుకుంది. చిన్నకోడలు పిండి అంటిన అరచేతులతో ఆ తలుపు మీద దబదబా కొట్టింది, బండి అప్పటికే కదిలిపోయింది.